పురిటికొచ్చిన తిమింగలం

శొంఠి నేతిలో వేగుతుంటే ఆ ఘాటు ముక్కుకంటే ముందు కళ్లకి తగులుతుంది. మొన్న శనివారం పొద్దున సిడ్నీ శివారు కెల్లీవిల్‌లో మా వంటింట్లో అదే జరిగింది. మా వీధి చివర అద్దెకుంటున్న ఖమ్మం అమ్మాయి దివ్యకి ఆడపిల్ల పుట్టింది. తల్లినీ పిల్లనీ ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చారు. వాళ్లమ్మకి వీసా ఇంకా రాలేదని తెలిసి, శొంఠిపొడి నేను చేసిస్తానన్నాను. కిటికీలన్నీ తెరిచినా పొగ అలారం ఊరుకోలేదు. మా అమ్మాయి నిత్య చెవులు మూసుకుని వంటింట్లోకి వచ్చి, నా మొహం చూసి, "ఆర్ యూ క్రైయింగ్, మమ్?" అంది. ఘాటమ్మా అన్నాను. అది సగం నిజం. మిగతా సగం ఎస్తేరు ఆంటీ కోసం. ఈ పొడి చేయడం నాకు నేర్పింది ఆవిడే. ఆవిడ పోయాక నేను బాణలిలో శొంఠి వేయడం ఇదే మొదటిసారి.

ఆవిడ నాకు చుట్టం కాదు. మొదట్లో నా బాస్. క్వీన్స్‌లాండ్ తీరానికి అవతల, పగడపు దిబ్బల మధ్య ఒక దీవిలో చాలా ఖరీదైన రిసార్టు ఉండేది. వచ్చేవాళ్లలో చాలామంది హెలికాప్టర్లో దిగేవాళ్లు. ఒక్కో విల్లాకి ఒక్కో ఈతకొలను. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని వెనకాల ఈతకొలను దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేను బ్రిస్బేన్ యూనిలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివాను. ఈ దేశంలో ఉండిపోవడానికి పీఆర్ రావాలంటే నగరాలు వదిలి మారుమూల పనిచేస్తే మంచిదని స్నేహితులు చెప్తే అక్కడ చేరాను. మారుమూల అంటే ఏ గొర్రెల మందల మధ్యో అనుకున్నదాన్ని, వెళ్లి పడింది స్వర్గంలో. కాకపోతే మా స్టాఫ్ గదులు స్వర్గానికి వెనకవైపు, జనరేటర్ పక్కన ఉండేవి.

ఆ దీవిలో అతిథుల్ని పడవల్లో తిప్పడం, పక్షుల్నీ తాబేళ్లనీ తిమింగలాల్నీ వాటి మానాన వాటిని వదిలేసి దూరం నుంచి చూపించడం, ఈ పనులన్నిటికీ ఎస్తేరు ఆంటీ పెద్ద. నరసాపురం దగ్గర పుట్టి, చక్కెర మిల్లులో ఉద్యోగం చేసే భర్తతో ఆ తీరంలోనే ఉన్న మకాయ్ అనే ఊరికి వచ్చి, ఆయన పోయాక ఈ పనిలో చేరిందట. మెత్తని మనిషి కాదు. యూనిఫాం చొక్కాకి గంజి పెట్టి మడత చెడకుండా ఇస్త్రీ చేసుకునేది. పెద్ద టోపీ, దాని రిబ్బన్‌కి సరిపడే లిప్‌స్టిక్. పడవ ఎక్కే ముందు కేబిన్ అద్దంలో పెదాలు ఒకసారి చూసుకోనిదే కాలు పైన పెట్టేది కాదు. తెలుగావిడని తెలిసి నేను సంబరంగా ఆంటీ అనబోతే, డ్యూటీలో ఎస్తేర్ అనమంది. అక్కడందరూ అంతే కదా. నా నోరు తిరగలేదు. ఆ ఏడాదంతా ఆవిడని ఏమీ పిలవకుండా ఎదురుగా వెళ్లి చిన్నగా దగ్గేదాన్ని. అందుకు నాకు దగ్గుమందు సీసా కొనిపెడతానని అందరి ముందూ ఏడిపించేది.

చేరిన వారంలోనే నాకు అక్షింతలు పడ్డాయి. డెస్క్ దగ్గర ఒక జంట, రేపు తిమింగలాలు కనిపిస్తాయా అని అడిగితే తప్పకుండా అనేశాను. కస్టమర్ని సంతోషపెట్టాలని కదా మాకు చదువులో చెప్పింది. వాళ్లు వెళ్లేదాకా ఆంటీ పక్కన నవ్వుతూ నిలబడి, తర్వాత నా వైపు తిరిగింది. "తిమింగలం నీ మేనత్త కూతురా, నువ్వు పిలిస్తే రావడానికి? చూపిస్తాం అనకు. వెళ్దాం అను." అప్పటి నుంచి నేనూ అదే అన్నాను. చిత్రంగా, ఎవరూ మానేసేవాళ్లు కాదు. ఫలహారాల దగ్గర కూకబుర్రా పిట్టకి బేకన్ ముక్క చూపించి ఫొటోకి రప్పించేవాళ్లని చూస్తే మాత్రం ఆవిడకి ఒళ్లు మండేది. నవ్వుతూనే వాళ్ల ప్లేటు ఎత్తుకుపోయి లోపల బల్ల మీద పెట్టేది, ఆ మనిషి ఎంత పెద్ద కంపెనీ యజమాని అయినా సరే.

జులై వచ్చేసరికి దక్షిణాన మంచు సముద్రాల నుంచి తిమింగలాలు మా వైపు వచ్చేవి. పిల్లల్ని కనడానికీ, కన్నపిల్ల కాస్త బలపడేదాకా పెట్టుకోవడానికీ ఇక్కడి వెచ్చని నీళ్లు వాటికి కావాలి. ఇది ఏ గైడైనా చెప్పేదే. ఆంటీ మాత్రం పడవ కదలగానే మైకు తీసుకుని, ఆవిడ పురిటికి పుట్టింటికి వచ్చింది, మనం గుమ్మం బయటి నుంచే చూసి వెళ్లిపోదాం అని ఇంగ్లీషులో మొదలుపెట్టేది. తెల్లవాళ్లు మొహమొహాలు చూసుకునేవాళ్లు. అప్పుడు మా వైపు ఆడపిల్ల కాన్పుకి పుట్టింటికి ఎలా వెళ్తుందో, బాలింత గదిలోకి చుట్టాలు ఎందుకు జొరబడకూడదో, పసిగుడ్డుని పదిమంది కళ్లూ ఎందుకు తినెయ్యకూడదో చెప్పేది. ఇక్కడికి వచ్చిన తల్లి తిమింగలానికి తిండి ఉండదు. దాచుకున్న కొవ్వు మీదే బతుకుతూ పిల్లకి పాలివ్వాలి. మన పడవకి బెదిరి ఊరికే ఈదిందంటే పిల్ల పాలు తగ్గినట్టే. "పుట్టింటికొచ్చి పస్తులుండే పిల్ల లోకంలో ఇదొక్కతే," అనేసరికి పడవంతా సద్దుమణిగిపోయేది.

తల్లీపిల్లా కనిపిస్తే ఎంత దూరంలో ఆగాలో చట్టం ఉంది. ఆంటీ చట్టం చెప్పినదానికంటే ఇంకా ఇవతలే ఆపించేది. లియమ్ అని మా పడవ నడిపే కుర్రాడు, ఆవిడ కళ్లలోకి చూసేవాడు. ఆవిడ చెయ్యెత్తి, ఇంజన్ ఆపేయ్ అనేది. ఆ రెండు మాటలూ అతనికి తెలుగులోనే అలవాటు చేసింది. ఇంజన్ ఆగాక ముందు అలల చప్పుడు ఒక్కటే. కాసేపటికి దూరం నుంచి ఊపిరి వినిపించేది, వంటింట్లో పెద్ద కుక్కర్ మూత తీసినట్టు. పక్కనే ఇంకోటి, చిన్నది, తొందరతొందరగా. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య మా ఊపిరి మేం బిగబట్టుకునేవాళ్లం. కనిపించేది ఒక నల్లటి వీపు, అంతే. అయినా దిగేటప్పుడు చాలామంది కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. రిసార్టు వాళ్లకి కూడా ఈ పురిటి కథ బాగా నచ్చి తమ ప్రకటనల్లో వేసుకున్నారు. నచ్చినన్నాళ్లు నచ్చింది.

రెండో ఏడు కొత్త మేనేజరు వచ్చాడు. ఆ ఆగస్టులో మెల్‌బోర్న్‌లోని క్లైడ్ నార్త్ నుంచి ఒక తెలుగాయన మొత్తం పడవ తన కుటుంబానికే మాట్లాడుకున్నాడు. ఇళ్లు కట్టి అమ్మే వ్యాపారం. వెంట భార్య, పిల్లలు, కాకినాడ నుంచి చూడ్డానికొచ్చిన తల్లి. ఆ పెద్దావిడకి రెండు కళ్లలోనూ చూపు తగ్గిపోతోందని, ఇండియా వెళ్లేలోపు ఒక్కసారి తిమింగలాన్ని చూపించాలని కొడుకు పట్టుదల. మనిషి మంచివాడే. పడవ ఎక్కించేటప్పుడు తల్లి చెప్పులు తనే చేత్తో పట్టుకున్నాడు. మేనేజరు ముందురోజే మమ్మల్ని పిలిచి, వీళ్లు ముఖ్యమైన అతిథులు, సంతోషంగా తిరిగి రావాలని గట్టిగా చెప్పాడు.

తల్లీపిల్లా తొందరగానే కనిపించాయి. పిల్ల బాగా చిన్నది, ఇంకా బూడిదరంగులో ఉంది, తల్లి వీపుకి ఆనుకుని తేలుతోంది. ఆంటీ ఎప్పటిలాగే ఇవతలే ఆపించింది. పెద్దావిడ చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ వెతికి, నాకేం ఆనట్లేదురా అంది. కొడుకు ఆంటీ దగ్గరికి వచ్చాడు. చట్టం ఒప్పుకునేంత వరకైనా వెళ్లమని అడిగాడు. అడగడంలో తప్పు లేదు. ఇంకొంచెం వెళ్లినా ఎవరూ మమ్మల్ని పట్టుకునేవాళ్లు కాదు. ఆంటీ, పిల్ల మరీ పసిది, తల్లి ఇప్పుడే నిద్రకి వాలింది, కదిలించొద్దంది. "ఆంటీ, మనవాళ్లమే కదా," అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అతని గొంతు పెరిగింది. ఇంత డబ్బు తీసుకుని నీళ్లు చూపిస్తారా అని ఇంగ్లీషులోకి దిగాడు. లియమ్ చెయ్యి తాళం మీదే ఉంది. ఆవిడ ఊ అంటే చాలు.

అప్పుడు పెద్దావిడ అడిగింది, అది కని ఎన్నాళ్లయి ఉంటుందని. నెల కూడా ఉండదమ్మా అంది ఆంటీ. పెద్దావిడ కొంగు ముందుకు లాక్కుని, సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది. "పచ్చి బాలింత మీదికి పడవేసుకుని వెళ్తామా? చాల్లేరా, తిప్పమను." కొడుకు వెళ్లి తన సీట్లో కూర్చున్నాడు. వచ్చే దారంతా ఆవిడ అలాగే వీపు పెట్టి కూర్చుని, మనవడి తల నిమురుతూ ఉంది. కిందటి ఏడే తిమింగలం ఊపిరికి కళ్లు తుడుచుకున్నవాళ్లని చూసిన నాకు, ఆ రోజు ఆ ఊపిరి విన్నానో లేదో కూడా గుర్తులేదు.

సాయంత్రానికి ఫిర్యాదు వెళ్లింది. చట్టం ఇచ్చిన దూరం కూడా వెళ్లనివ్వలేదని మేనేజరు ఆంటీని పడవ మీంచి తీసేసి, టోపీలూ సన్‌స్క్రీనూ అమ్మే కొట్లో వేశాడు. పెద్దావిడ అన్న మాట మేనేజరుకి చెప్తానని నేను ఎగిరాను. వద్దంది. ఒక ముసలావిడని సాక్ష్యానికి లాగడం ఏమిటంది. నేను ఆవిడని సమర్థిస్తూ ఏదో అంటుంటే మధ్యలో ఆపేసింది. "ఆ అమ్మ చూడాల్సిందే. నాకు మాత్రం చూపించాలని లేదా? ఇంకొంచెం వెళ్లి ఉంటే ఆనేదేమో." అని కొట్లో టోపీలు సర్దుతూ ఏడ్చింది. తను చేసింది ఒప్పని ఆవిడ నాకు ఎప్పుడూ చెప్పలేదు. మళ్లీ అదే రోజు వస్తే ఏం చేస్తారని అడిగితే మాత్రం, అదే చేస్తానంది. ఆ సీజన్ అయ్యేదాకా కొట్లోంచే పడవ వెళ్లడం చూస్తూ ఉంది. లిప్‌స్టిక్ మానేసింది. తర్వాత ఉద్యోగం వదిలి మకాయ్ వెళ్లిపోయి, వృద్ధుల హోమ్‌లో వంట పనిలో చేరింది. కొత్త గైడు పురిటి కథ చెప్పేవాడు. దగ్గరికీ తీసుకెళ్లేవాడు. చట్టం ప్రకారమే.

నాకు పీఆర్ వచ్చింది, కిరణ్‌తో పెళ్లయింది, సిడ్నీ వచ్చేశాం. ఆంటీని ఆంటీ అని పిలిచే స్వేచ్ఛ ఫోన్లో దొరికింది. నేను నెల తప్పానని తెలిసినప్పుడు ఏడ్చింది, నన్ను తిట్టింది, పాలు తాగమంది. మా అమ్మ తుంటి విరిగి మంచంలో ఉండటంతో రాలేకపోయింది. కాన్పుకి వారం ముందు మా గుమ్మంలో టాక్సీ ఆగింది. గంజి పెట్టిన చొక్కా, టోపీ, ఒక సూట్‌కేసు నిండా శొంఠి, వెల్లుల్లి, పాత నూలుచీరలు. ఇవన్నీ పక్కనే రౌస్ హిల్ షాపుల్లో దొరుకుతాయని కిరణ్ అంటే, అతని వంక జాలిగా చూసింది.

నిత్య పుట్టాక మా ఇంటికి ఆవిడే గుమ్మం అయింది. మావాళ్లంతా బుట్టలూ బెలూన్లూ పట్టుకుని వచ్చేవాళ్లు. ఆంటీ వాటిని గుమ్మంలోనే అందుకుని, అందరినీ పేరుపేరునా పలకరించి, నెల దాటాక భోజనానికి రమ్మని వెనక్కి పంపేది. కిరణ్ స్నేహితుల్లో ఇద్దరు నొచ్చుకున్నారు. ఇంత దూరం డ్రైవ్ చేసి వస్తే మొహం కూడా చూపించలేదని. నాకూ కొంచెం అనిపించింది, ఒక్క నిమిషం చూసి వెళ్తే ఏం పోతుందని. ఆ మధ్యాహ్నం శొంఠిపొడి అన్నంలో నెయ్యి కలిపి మొదటి ముద్ద పెడుతూ, ఆవిడ ఎప్పుడూ చెప్పనిది చెప్పింది. ఆవిడకి నరసాపురంలో ఒక బాబు పుట్టాడట. నెలలు నిండకుండానే. ఇంటి నిండా చుట్టాలు, చర్చి వాళ్లు. ఒకరి చేతుల్లోంచి ఒకరు ఎత్తుకునేవాళ్లు, ముద్దులు పెట్టేవాళ్లు, ప్రార్థనలు చేసేవాళ్లు. కొన్నాళ్లే ఉన్నాడు. ఎందుకు పోయాడో డాక్టర్లు తేల్చి చెప్పలేదు. మళ్లీ కడుపు పండలేదు. "నేనెవర్నీ ఏమీ అనలేను," అంది ముద్ద కలుపుతూ. "అందరూ ప్రేమతోనే వచ్చారే." అప్పుడు నాకు ఆ పడవ గుర్తొచ్చింది, తల్లి చెప్పులు చేత్తో పట్టుకున్న కొడుకూ గుర్తొచ్చాడు. అడగాలనిపించింది గానీ ఆవిడ ఇంకో ముద్ద నోట్లో పెట్టేసింది.

కిందటి ఏడు చలికాలంలో ఆవిడకి జబ్బు చేసింది. చెప్పేసరికే ముదిరిపోయింది. వస్తానంటే వద్దంది. చర్చి వాళ్లని కూడా ఫోన్లోనే ప్రార్థన చేయమందట. జుట్టు లేదు, పెదాలు పగిలాయి, ఇలా ఎవరి కంటా పడనంది. నేను బతిమాలాను, కోప్పడ్డాను. నిత్యని తెస్తానన్నాను. వద్దే వద్దంది. ఒకరోజు చెప్పకుండా విమానం ఎక్కేశాను. మకాయ్‌లో ఆస్పత్రి దాకా వెళ్లాను గానీ లోపలికి కాళ్లు రాలేదు. బయట కార్లు ఆపే చోట ఒక చెట్టు కింద నిలబడి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావే?" అంది. గొంతు బట్టి పోల్చుకున్నట్టుంది.

"కింద. మీ కిటికీ కనిపిస్తోంది."

తిడుతుందనుకున్నాను.

"అక్కడే ఉండు," అంది. "ఇంజన్ ఆపేయ్."

నేను అక్కడే గట్టు మీద కూర్చున్నాను. ఫోన్లో ఆవిడ ఊపిరి వినిపిస్తోంది, బరువుగా, మధ్యలో ఆగి ఆగి. ఒక ఊపిరి అయ్యాక ఇంకోటి వచ్చేదాకా ఎదురుచూడటం నాకు నేర్పింది ఆవిడే కదా. మెట్లెక్కి వెళ్లి ఆ చెయ్యి పట్టుకోవాలని నా ప్రాణం కొట్టుకుంది. వెళ్తే ఎవరూ ఆపేవాళ్లు కాదు. నేను వెళ్లలేదు. ఆవిడ మీద నాకు అప్పుడు కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు. నా పురిటి మంచం దగ్గర అన్నాళ్లు కూర్చున్న మనిషి, తన మంచం దగ్గర నన్ను ఒక్క నిమిషం కూర్చోనివ్వలేదు. కాసేపటికి, పిల్ల అన్నం తింటోందా అని అడిగింది. తింటోందన్నాను. మళ్లీ ఊపిరి. తర్వాత నెమ్మదిగా అంది, "ఎండ నీ మీదికొచ్చింది. ఇంక వెళ్లు."

అప్పుడు తల ఎత్తి చూశాను. కిటికీ అద్దం మీద వెలుగు పడి ఏమీ కనిపించలేదు. నిజంగానే చెట్టు నీడ పక్కకి జరిగి, ఎండ నా భుజాల మీదికి వచ్చి ఉంది. అంటే ఇంతసేపూ ఆవిడ నన్ను చూస్తూనే ఉంది. ఆ వారం దాటలేదు. సమాధి చేసే రోజు పెట్టె మూసే ఉంచారు. అదీ ఆవిడే చెప్పిందట.

శనివారం సంగతికి వస్తే, పొడి చల్లారాక స్టీలు డబ్బాలో పోసుకుని, నిత్యని వెంటబెట్టుకుని దివ్య వాళ్లింటికి వెళ్లాను. ఇంటి ముందు కార్లు బారుగా ఉన్నాయి. గుమ్మం బయట చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి, లోపలినుంచి నవ్వులు, ఎవరో ఫొటో తీస్తూ ఇటు చూడమంటున్నారు. డబ్బా మెట్టు మీద పెట్టి, నెయ్యితో మొదటి ముద్దలో కలుపుకోమని దివ్యకి మెసేజ్ పెట్టి, వెనక్కి నడిచి రోడ్డుకి ఇవతల నిలబడ్డాను.

"డోంట్ యూ వాంట్ టు సీ ద బేబీ?" అంది నిత్య.

"చాలా చూడాలని ఉందమ్మా."

నా మొహం వంక చూసింది. చెయ్యి నా చేతిలో పెట్టి పక్కనే నిలబడింది. లోపల పాప ఏడుపు మొదలైంది, సన్నగా, తొందరతొందరగా. నవ్వులు తగ్గాయి. ఎవరో కర్టెన్ లాగారు. పాప ఏడుపు ఆగి, పాలు దొరికినట్టు నిశ్శబ్దం అయ్యేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం. అప్పటికి ఎండ నిత్య మీదికి వచ్చింది. ఇంక వెళ్దాం అన్నాను.